తాళాల బాబాయ్ గారు

తుమ్ము వస్తే ముందు కంప్యూటర్ తెరకు తాళం వేసి, ఆ తరువాత తుమ్మే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆయన పేరు ఎలీయాజరు గారు. మా ఆఫీసులో అందరికీ బాబాయ్ గారు. తుమ్ముకీ తాళానికీ మధ్య ఆయన ముఖం పడే అవస్థ చూడాలి. ముక్కు ఎర్రబడి, కళ్ళు నీళ్ళతో నిండి, రెండు మీటలు టకటకా నొక్కేదాకా ఆ తుమ్ము గుమ్మంలో చుట్టంలా నిలబడి ఉండాల్సిందే.

ఆయనకు తాళం వేయడం ఒక అలవాటు కాదు, ఒక వ్యసనం. సైకిలుకి రెండు తాళాలు. ఒకటి సైకిలుకి, రెండోది ఆ మొదటి తాళాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా దానికి. బల్ల సొరుగులో ఏమీ ఉండదు, అయినా తాళం ఉంటుంది. చివరికి అన్నం క్యారేజీకి కూడా సూట్‌కేసులకు వేసే చిట్టి తాళం ఒకటి వేలాడుతూ ఉండేది.

"అందులో ఏముంది బాబాయ్ గారూ?" అని అడిగాడు మా ఆఫీసు తాతాజీ ఒకరోజు.

"దొండకాయ వేపుడు."

"దొండకాయ వేపుడు ఎవరెత్తుకుపోతారండీ?"

"ఇన్నాళ్ళూ ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"లేదండి."

"మరి! తాళం వేశాను కాబట్టే కదయ్యా."

ఈ లెక్కకు తాతాజీ దగ్గరే కాదు, ఏలూరు మొత్తంలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. అయితే ఇదే తాళాల పిచ్చి మూలంగా ఆయన ఉద్యోగం పోయేదాకా వచ్చింది. యాభై దాటిన మనిషి ఆయన. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని పోయాక పట్టుదలగా కంప్యూటర్ నేర్చుకుని, మా దగ్గర కంప్యూటర్లన్నీ చూసుకునే పనిలో చేరారు. ఆ వయసులో మళ్ళీ ఆ పని ఇచ్చే ఆఫీసు చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

మా ఆఫీసు పవర్‌పేట స్టేషను వెనక సందులో, చేపల మేత అమ్మే కొట్టు మీద ఉండేది. నేను రోజూ తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కి వచ్చేదాన్ని. రైలు దిగి మేడ మెట్లెక్కుతుంటే తవుడూ చెక్కా కలిసిన మేత వాసన ఎదురొచ్చేది. ఆ రోజుల్లో ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు విజయవాడలో అద్దాల ఆఫీసులో కూర్చుని, ఆ వాసన ఒక్కసారి వస్తే బాగుండునని అనుకుంటూ ఉంటాను.

మా పని చెరువుల కాపలా. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో చిన్న చిన్న యంత్రాలు దింపి ఉండేవి. నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో అవి ఎప్పటికప్పుడు మాకు చెబుతుండేవి. తగ్గితే గంట మోగుతుంది. మేము వెంటనే ఆ చెరువు మీద ఏరేటర్లు, అంటే నీళ్ళను చిలికే చక్రాలు, ఇక్కడి నుంచే తిప్పించి, రైతుకు ఫోన్ చేయాలి. ఆలస్యమైతే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఇంకా ఆలస్యమైతే ఇక నోళ్ళు మూయవు.

ఇదంతా నల్లటి తెర మీద నడిచేది. ఆ తెరను గళ్ళు గళ్ళుగా కోసి ఒక్కో గడిలో ఒక్కో చెరువును చూపించే ప్రోగ్రాము ఒకటుంది. పేరు టీమక్స్. లోకంలో అందరూ దాన్ని ఒకే పద్ధతిలో వాడతారు. కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని బి కొట్టాలి, తరువాత బాణం కీలతో గడులు మారాలి. మా ఆఫీసు మాత్రం లోకంలో లేదు, బాబాయ్ గారి చేతిలో ఉంది. నేను చేరకముందే ఆయన కీలన్నీ పీకి పందిరేశారు. కీబోర్డు ఎడమ పైమూలలో ఎవరూ ఎప్పుడూ ముట్టుకోని ఒక కీ ఉంటుంది చూడండి, అదొక్కటి నొక్కాలి. తరువాత ఎడమవైపు అక్షరం ఒకటి. తాళానికి క్యూ, పై గడికి డబ్ల్యూ, కింది గడికి ఎస్. రెండు కీలు కలిపి నొక్కే పని ఎక్కడా లేదు. పొరపాటున పాత పద్ధతిలో కంట్రోల్ బి కొట్టామా, తెర అడుగున పచ్చటి అక్షరాలు ప్రత్యక్షమయ్యేవి: "కుడిచెయ్యి ఖాళీగా ఉన్నట్టుందండి. ఫోను పట్టుకోండి."

అదీ ఆయన సిద్ధాంతం. "కుడిచెయ్యి రైతుది, ఎడమచెయ్యి కంప్యూటర్‌ది" అనేవారు. రైతుతో మాట్లాడుతూనే ఏరేటర్ తిప్పాలి కాబట్టి కుడిచెయ్యి కీబోర్డు మీద కనబడకూడదు. కనబడితే ఊరుకునేవారు కాదు. వెనక నుంచి నిశ్శబ్దంగా వచ్చి ఆ చేతిలో ఏదో ఒకటి పెట్టేసేవారు. నా చేతిలో చక్రకేళీ అరటిపళ్ళు, జంతికలు, టీ గ్లాసులు ఎన్ని పెట్టారో లెక్కలేదు. ఒకసారి ఏమీ దొరక్క, తాతాజీ చేతిలో తన గొడుగు పెట్టి వెళ్ళిపోయారు. పాపం, తాతాజీ మధ్యాహ్నం దాకా గొడుగు పట్టుకునే పనిచేశాడు.

పాస్‌వర్డులు కూడా ఆయనే ఇచ్చేవారు. అన్నీ ఎడమచేతి అక్షరాలే. అచ్చులు సరిగా అమరక అవి ఏ భాషలోనూ పలకవు. నాకిచ్చినదాన్ని కూడబలుక్కుని చదివితే ఎవరో రాక్షసుడు దగ్గుతున్నట్టు ఉండేది.

వీటన్నిటికీ తలమానికం గంటకోసారి పడే తాళం. ఎంత పనిలో ఉన్నా సరే, గంట కాగానే గదిలో తెరలన్నీ ఒక్కసారి నల్లబడి, ఒక తాళంకప్ప బొమ్మ వచ్చేది. టీ తాగి వచ్చేంతసేపు అది వదిలేది కాదు. ఏ చెరువైనా గంట కొడితే మాత్రం దానంతట అదే విడిపోయేలా పెట్టారు. మేమందరం వరండాలోకి వచ్చి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. నా పక్కసీటు ప్రభావతి గారు మాత్రం పైట చెంగు భుజం చుట్టూ కప్పుకుని వెనక మెట్ల వైపు వెళ్ళేవారు. ఆవిడకు ఏసీ చలి పడదనీ, ఎండ కోసం వెళతారనీ అనుకునేదాన్ని.

"ఈ తాళం ఎందుకు బాబాయ్ గారూ?" అంటే, "తెరకి విశ్రాంతి అమ్మా. గేదెను కూడా రోజంతా పితకం కదా" అనేవారు.

ఇలా నవ్వుతూ తుళ్ళుతూ ఉండగా హెడ్డాఫీసు నుంచి నిరంజన్ గారు మేనేజరుగా దిగారు. వయసు తక్కువే, మాట నెమ్మది. మొదటిరోజే బాబాయ్ గారి కంప్యూటర్ ముందు కూర్చుని కంట్రోల్ బి కొట్టారు. "కుడిచెయ్యి ఖాళీగా ఉన్నట్టుందండి" అంది తెర. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంది. ఆయన కుడిచేతిని ఎత్తి చూసుకున్నారు. ఈలోగా బాబాయ్ గారు వచ్చి అందులో జామకాయ పెట్టారు.

జామకాయ తిన్నారు కానీ విషయం వదల్లేదు నిరంజన్ గారు. "బాబాయ్ గారూ, రేపు భీమవరంలో ఇంకో ఆఫీసు పెడుతున్నామండి. అక్కడివాళ్ళు ఇక్కడికి, ఇక్కడివాళ్ళు అక్కడికి వెళ్ళాలి. అన్ని చోట్లా ఒకటే కీలుండాలి. ఇవి మార్చేయండి. ఆ గంట తాళం కూడా తీసేయండి."

"కుదరదండి."

"కారణం చెప్పండి. సరైనదైతే నేనే ఒప్పుకుంటాను."

"కారణానికి కూడా తాళం వేసేశానండి."

గదిలో అందరం నవ్వాం. నిరంజన్ గారు నవ్వలేదు. "పైవాళ్ళు నన్ను అడుగుతారండి. సోమవారం లోపల మారకపోతే మీ స్థానంలో వేరే మనిషిని చూడమన్నారు. నాకు ఇష్టం లేదు, కానీ తప్పదు" అన్నారు. అప్పుడు మా నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం వరండాలో బతిమాలాను. "పోనీ మార్చేయండి బాబాయ్ గారూ. నాలుగు కీల కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా ఎవరైనా? ఇంటి దగ్గర పిన్నిగారు ఏమంటారండీ?"

"మీ పిన్నిగారికి చెప్పానమ్మా. కీలు మార్చి ఇంటికొస్తే గుమ్మానికి తాళం వేస్తానంది."

అంత కష్టంలోనూ వేళాకోళమే. కానీ ఆ మాట అనేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు, కింద సందులో మేత బస్తాలు దింపుతున్న లారీని చూస్తూ నిలబడ్డారు. నాకు నిజంగా భయం వేసింది. ఆ గొడుగూ, ఆ జంతికలూ లేని ఆఫీసును ఊహించుకోలేకపోయాను. కొంచెం కోపం కూడా వచ్చింది. మనిషి మంచివాడే, ఇంత మొండితనం దేనికని.

శుక్రవారం ఆయన సెలవు పెట్టారు. పిన్నిగారి తమ్ముడు జంగారెడ్డిగూడెంలో ఇల్లు కట్టుకున్నాడు, కొత్తింట్లో ప్రార్థన పెట్టుకున్నారు. బాబాయ్ గారు ఊళ్ళో లేని రోజు చూసుకుని నిరంజన్ గారు ఆయన కీల ఏర్పాట్లున్న కంప్యూటర్ ఫైలును పక్కన పెట్టేశారు. పొద్దున్నే మేము వచ్చి కూర్చునేసరికి టీమక్స్ లోకంలో అందరి టీమక్స్ లాగే ఉంది.

"నాలుగు రోజుల్లో అలవాటైపోతుందండి. ఆయన వచ్చేసరికి అంతా బాగుంటే ఆయన ఉద్యోగమూ ఉంటుంది" అన్నారు. మనసులో మంచే ఉందని నాకు అర్థమైంది.

ఖర్మ కొద్దీ ఆ రోజు మబ్బు పట్టింది. సన్నటి తుంపర, గాలి లేదు, ఎండ లేదు. చెరువులకు అలాంటి రోజు మహా చెడ్డది. తొమ్మిది కాకముందే గంటలు మొదలయ్యాయి. తాతాజీ కుడిచేత్తో ఫోను పట్టుకుని ఎడమచేత్తో మూల కీని టిక్కు టిక్కుమని కొడుతున్నాడు. తెర కదలదు. "ఆయ్, ఇది పలకడం లేదేంటండీ!" అని అరుస్తున్నాడు. ఫోను బల్ల మీద పడేసి రెండు చేతులూ వేసేసరికి పని సాగింది. నేనూ అంతే. కాస్త తడబడి కుదురుకున్నాం.

ప్రభావతి గారి గడిలో మాత్రం కైకలూరు దగ్గరి అబ్బాయిరాజు గారి చెరువు ఎర్రగా మెరుస్తూనే ఉంది. ఆవిడ ఎడమచేతి చిటికెనవేలు కంట్రోల్ మీద పెట్టి, చూపుడువేలు చాచి బి అందుకుంటున్నారు. తరువాత చెయ్యి ఎత్తి కుడివైపు బాణాల దగ్గరికి తేవాలి. ఆ తొందరలో పక్క బాణం తగిలి వేరే గడిలోకి పోతోంది. ఇంకోసారి కంగారులో డి మీద వేలు పడి తెర మొత్తం మాయమైపోతే మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఫోను మోగింది. నేను ఎత్తాను.

"ఏవండీ, నేను అబ్బాయిరాజునండి. కైకలూరులో ఐసు కొట్టు దగ్గరున్నానండి. చేపలు తేలుతున్నాయని కాపలావాడు ఫోన్ చేశాడండి. ఏరేటర్లు తిరగట్లేదంటండి! వాటర్లో ఉన్నదంతా నా ప్రాణమేనండి!"

"ఇదిగోనండి, తిప్పేస్తున్నామండి" అన్నాను.

నిరంజన్ గారు పరుగున వచ్చి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డారు. "మేడం, రెండో చెయ్యి కూడా వేయండి!"

ప్రభావతి గారు చెంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి బాణం కీ మీద పెట్టారు. వేళ్ళు కీ మీదే ఉన్నాయి. కీ మాత్రం కిందికి దిగడం లేదు. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది.

నేను వంగి ఆ కీ నొక్కాను. గడి దొరికింది, ఆవిడ ఎడమచేత్తోనే ఏరేటర్లు తిప్పారు. కాసేపటికి ఎరుపు పోయి పచ్చబడింది. "తిరుగుతున్నాయంటండి, చల్లగా ఉండాలండి మీరు" అని ఫోన్లో అబ్బాయిరాజు గారు దీవించారు. నిరంజన్ గారు తన గదిలోకి వెళ్ళారు. మరో నిమిషంలో నా తెర మీద పాత కీలు తిరిగి వచ్చేశాయి.

మధ్యాహ్నం ఆయన గదిలో మేము ముగ్గురమే ఉన్నాం. ప్రభావతి గారు నెమ్మదిగా చెప్పారు. పెంటపాడు దగ్గర స్కూటర్ మీద నుంచి పడినప్పుడు భుజంలో నరం దెబ్బతిందట. ఐదు వేళ్ళూ కలిపి అన్నం కలుపుకోగలరు, ఫోను పట్టుకోగలరు, కొంగు సర్దుకోగలరు, ఒక్క వేలితో కీ నొక్కేంత బలం మాత్రం రాలేదు. అంతకుముందు పనిచేసిన చోట విషయం తెలిశాక, "మీరు విశ్రాంతి తీసుకోండమ్మా" అని ఎంతో మర్యాదగా ఇంటికి పంపించారట.

"ఇక్కడ ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు టైపింగు పరీక్ష పెట్టింది ఆయనేనండి. నేను ఒక్క చేత్తో కొడుతుంటే చూశారు. చూసి, టక్కున తెరకి తాళం వేసేశారు. 'అయ్యో, పాస్‌వర్డు మర్చిపోయానమ్మా, రేపు రండి' అన్నారు. నాకు అర్థమైపోయింది, ఇక్కడా అంతేననుకుని ఏడుస్తూ వెళ్ళానండి. అయినా మర్నాడు వచ్చాను. వచ్చేసరికి ఆఫీసులో కీలన్నీ మారిపోయున్నాయి. అందరూ ఒంటిచేత్తో కొడుతున్నారు. పరీక్షలో నేనే ముందున్నానండి."

"ఆ గంట తాళం?" అన్నాను.

"గంటకోసారి వేళ్ళకి వ్యాయామం చేయమన్నారమ్మా డాక్టరుగారు. నేనొక్కదాన్నే లేస్తే అందరూ చూస్తారు కదా. అందుకని అందర్నీ లేపేస్తున్నారు."

నిరంజన్ గారు తల పట్టుకున్నారు. "నాకొక్క మాట చెప్పొచ్చు కదండీ ఆయన!"

"ఎవరికీ తెలియనివ్వనని నాకు మాటిచ్చారండి. ఉద్యోగం పోతుందని తెలిసీ చెప్పలేదు. సోమవారం నేనే వచ్చి మీతో చెప్పేద్దామనుకున్నాను. ఇప్పుడు మీకు తెలిసిందని మాత్రం ఆయనకి చెప్పకండి. మాట తప్పినట్టయిందని తెగ బాధపడతారు."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్ళు ఆవిడ పక్కనే కూర్చుని, ఆవిడ కుడిచెయ్యి పనిచేయదని నేను గమనించలేదంటే నా తప్పు లేదు. ఆ గదిలో ఎవరి కుడిచెయ్యీ పనిచేయలేదు మరి!

సోమవారం బాబాయ్ గారు వచ్చారు. వస్తూనే తాళంచెవుల గుత్తి తెచ్చి నిరంజన్ గారి బల్ల మీద పెట్టారు. సైకిలు చెవులు మాత్రం విప్పి జేబులో వేసుకున్నారు.

"కీలు మార్చలేదండి. మార్చనండి. ఎవర్ని తెచ్చుకుంటారో తెచ్చుకోండి. వచ్చే ఆయనకి మాత్రం ఒక మాట చెప్పి వెళతానండి, ఈ పద్ధతి బాగుంటుందని."

"కూర్చోండి బాబాయ్ గారూ. మీరు లేనప్పుడు మార్చి చూశానండి. చెరువు పోయేంత పనయింది" అన్నారు నిరంజన్ గారు, గుత్తి ఆయన వైపు జరుపుతూ. "మీ పద్ధతే మంచిది. భీమవరంలోనూ ఇవే కీలు పెట్టిస్తున్నాను. పైవాళ్ళతో నేను మాట్లాడుకుంటాను."

బాబాయ్ గారు గుత్తిని చూశారు, ఆయన్ని చూశారు. "గంట తాళం?"

"అదీ ఉండాల్సిందేనండి. గేదెను రోజంతా పితకం కదా."

ఆ మాట ఎవరు మోశారా అని బాబాయ్ గారు తెరిచి ఉన్న తలుపులోంచి నా వైపు అనుమానంగా చూశారు. నేను నా పనిలో మునిగిపోయాను.

ఆ రోజు నుంచి నిరంజన్ గారు కూడా ఒంటిచేత్తోనే టైపు చేయడం మొదలుపెట్టారు. మేనేజరే రెండు చేతులూ వాడితే ప్రభావతి గారి మీదకు కళ్ళు పోతాయని ఆయన ఉద్దేశం. అలవాటు లేక మహా ఇబ్బందిపడేవారు. కుడిచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకునేవారు, బల్ల కింద దాచేవారు, ఒక్కోసారి వీపు వెనక్కి మడిచేవారు. ప్రభావతి గారూ నేనూ చూసి, ఒకరి ముఖం ఒకరం చూసుకుని, నవ్వు ఆపుకునేవాళ్ళం.

ఒక సాయంత్రం నేను పాసింజరు కోసం స్టేషనుకు నడుస్తుంటే వెనక నుంచి సైకిలు గంట వినబడింది. బాబాయ్ గారు. సైకిలు దిగి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించారు.

"మానసమ్మా, నీతో ఒక మాట. ఎవరితోనూ అనకూడదు."

"చెప్పండి బాబాయ్ గారూ."

"మన నిరంజన్ గారికి కుడిచెయ్యి బాగోలేదమ్మా."

నేను నవ్వు దాచుకోవడానికి తల వంచుకున్నాను.

"నేను కనిపెట్టాను. ఎవరూ చూడకుండా దాచుకుంటున్నాడు, పాపం. చిన్న వయసు. అంత పెద్ద ఉద్యోగం. చెప్పుకోవడానికి మొహమాటం కదా! మనం పట్టించుకోనట్టే ఉండాలి. కీలు ఇంకాస్త దగ్గరికి జరుపుతాను. గంటకోసారి తాళం కూడా రేపటి నుంచి మరికొంచెంసేపు ఉంచుతాను. ఎవరైనా అడిగితే నా పిచ్చనుకోండమ్మా, ఫరవాలేదు. ఆ అబ్బాయికి మాత్రం తెలియకూడదు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. "నేను ఎవరితోనూ అననండి."

మర్నాడు తాళం పడి ఎంతకీ వదల్లేదు. నిరంజన్ గారు రెండో గ్లాసు టీ పట్టుకుని వరండాలో నా పక్కకు వచ్చారు. "ఇవాళ ఇంతసేపు ఎందుకండీ?" అని మెల్లగా అడిగారు. "ప్రభావతి గారికి నొప్పి ఎక్కువైందా?"

"ఏమోనండి" అన్నాను.